పదమూడు ప్రశ్నలు, ఒక వంకర అర

నన్ను అందరూ టేపు మాస్టారు అంటారు. మాస్టారు అన్నది గౌరవం, టేపు అన్నది వెక్కిరింపు. రెండూ కలిపే పిలుస్తారు కాబట్టి నేను గౌరవం ఒక్కటే విని ఊరుకుంటాను. నా పని వంటిళ్లు అమర్చడం. గట్టు ఎటువైపు రావాలి, పొయ్యికీ సింకుకీ ఎంత ఎడం ఉండాలి, ఏ సొరుగు ఎవరి చేతికి అందాలి, ఇవన్నీ చూసి చెక్క కోసి బిగిస్తాను. ఈ పనిలో ఇరవై రెండేళ్లయింది.

పేరుకు టేపు మాస్టారినే గానీ ఎవరింటికి వెళ్లినా ముందు టేపు తీయను. కుర్చీలో కూర్చుని, నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని, పదమూడు ప్రశ్నలు అడుగుతాను. మొదటిది, ఈ ఇంట్లో వంట ఎవరు చేస్తారు? రెండోది, వాళ్లది కుడి చేతివాటమా, ఎడమా? మూడోది, వంటింట్లో ఇద్దరుంటే కలిసి పనిచేస్తారా, పోట్లాడుకుంటారా? ఇలా పదమూడు. ఆ తర్వాత ఖాళీ గదిలో సుద్దముక్కతో నేల మీద గట్టూ పొయ్యీ సింకూ అసలు కొలతల్లో గీస్తాను. ఇంటివాళ్లను ఆ గీతల మధ్య నిలబెట్టి ఒక పూట వంటంతా ఉత్తుత్తిగా చేయిస్తాను. వాళ్లు లేని కత్తితో లేని కూరగాయలు తరుగుతుంటే నేను అడుగులు లెక్కపెడతాను. టీ పెట్టడానికి పన్నెండు అడుగులు పడితే గీతలు చెరిపి మళ్లీ గీస్తాను.

ఒకాయన, "మధ్యలో ఐలాండ్ గట్టు కావాలి మాస్టారూ, ఈమధ్య అందరూ పెట్టించుకుంటున్నారు" అన్నాడు. వాళ్ల వంటింటి వెడల్పు ఎనిమిది అడుగులు. "ఐలాండ్ పెడితే మీ ఆవిడ ఫ్రిజ్ తీసినప్పుడల్లా మీరు హాల్లోకి వెళ్లి నిలబడాలండీ" అన్నాను. "అయితే పెట్టేయండి" అంది వాళ్లావిడ. పెట్టలేదనుకోండి. ఎల్ ఆకారంలో గట్టు వేశాను. ఎవరింటికి ఏ వంటిల్లు నప్పుతుందో చెప్పడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకాన్ని నేను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి, ఇంటికొచ్చి భోంచేసి పడుకునేవాణ్ణి. మా వంటింట్లో సిమెంటు గట్టు ఒకటి, ఒకే గోడ పొడుగునా ఉండేది. దాని కింద తలుపుల్లేని అరలు, పైన తలోరకం పలకలు. ఆ వంటిల్లు మా అత్తది.

అత్త అంటే నా మేనత్త, మా నాన్నకు అక్క. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది. నాన్న లారీ మీద ఊళ్లు తిరిగేవాడు. అప్పుడు అత్త ఒక ట్రంకు పెట్టెతో వచ్చి నన్ను చూసి, "అన్నం తిన్నావా?" అంది. లేదన్నాను. తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. ఆ వెళ్లడం వెళ్లడం ముప్ఫై తొమ్మిదేళ్లు అందులోనే ఉంది.

పగలు మిల్లు క్యాంటీన్లో మూడు వందల మందికి వండేది. అక్కడ ఆవిడ పేరు గడియారం. పన్నెండున్నరకు భోజనం అంటే పన్నెండున్నరే, ముప్ఫై ఒకటో నిమిషం ఆ క్యాంటీన్ ఎన్నడూ చూడలేదు. సాయంత్రం ఇంటికొచ్చి మళ్లీ నాకు వండేది. క్యాంటీన్ నుంచి రిటైరయ్యాక కూడా పొద్దున ఆరింటికి పొయ్యి వెలిగేది. మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, ఏడింటికల్లా బస్సెక్కాలి. ఆవిడ డబ్బా, మా అమ్మాయి స్కూలు డబ్బా, నా డబ్బా, మూడూ ఆరూ యాభైకి గట్టు మీద వరసగా ఉండేవి.

ఆ వంటింట్లో నా చేతి పని ఒకటుంది. పదహారేళ్లప్పుడు వడ్రంగి దగ్గర పనికి చేరిన మూడు నెలలకే అత్తకి బహుమతిగా ఒక అర కొట్టాను, పొయ్యికి ఎడమ పక్క, రేకు పరిచి. కొట్టాక దూరంగా నిలబడి చూసుకుంటే కుడి కొస మూడు వేళ్లు కిందికి దిగి ఉంది. దాని మీద ఉప్పు డబ్బా పెడితే నెమ్మదిగా జారుకుంటూ వెళ్లి కుడి మూల అడ్డచెక్కకు తగిలి ఆగేది. పేరొచ్చాక ఆ అరను చూస్తే నాకు ఒళ్లు మండేది. "అత్తా, అది సరిచేస్తా, పది నిమిషాల పని" అని ఏటా అడిగేవాణ్ణి. "దాని జోలికి రాకు. దానికేం రోగం?" అనేది.

ఇలా ఉండగా కిందటేడు ఒక ఇంటాయన చెక్క రంగు చూసుకోవడానికి మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్ల కోసం వంటింట్లోకి తొంగిచూసి, "మాస్టారూ, ఇదేనా మీ వంటిల్లు?" అన్నాడు. అంతే అన్నాడు. నాకు మాత్రం నడివీధిలో చొక్కా విప్పినంత పనైంది. వారం తిరక్కుండా గోడకి సుత్తి పట్టుకున్నాను.

ఇంతకీ ఎవరి కోసం వంటిల్లు మార్చానో గమనించారు కదా. మంచినీళ్లు తాగి వెళ్లిపోయిన మనిషి కోసం.

అయినా పద్ధతి తప్పలేదండోయ్. సుద్దముక్కతో యు ఆకారం గీశాను. మూడు గోడల వెంట గట్టు, మధ్యలో మనిషి నిలబడితే అన్నీ చేతికి అందాలి. "అత్తా, వచ్చి నిలబడు, ఒకసారి టీ పెట్టి చూపించు" అన్నాను. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నేలకేసి కాసేపు చూసింది.

"గాలిలో టీ పెట్టడానికి నాకేమైనా పిచ్చా? మీ ఆవిణ్ణి నిలబెట్టుకో."

"వంట చేసేది నువ్వు కదా?"

"నాకు ఏదైనా ఒకటేలేరా. కానివ్వు."

ముసలితనం, మొండితనం అనుకున్నాను. మా ఆవిణ్ణి నిలబెట్టి అడుగులు లెక్కపెట్టాను. మా ఆవిడ ఆ పొయ్యి ముందు నిలబడేది ఆదివారం సాయంత్రం ఒక్క పూట. ఆ ఒక్క పూట టీకి నాలుగే అడుగులు వచ్చాయని మురిసిపోయాను.

కొత్త వంటిల్లు చూసి తీరాలి. గట్టు తెలుపు, గోడ తెలుపు, సొరుగులు తెలుపు. సొరుగులకు పిడులుండవు, వేలితో నొక్కితే తెరుచుకుంటాయి. పొయ్యికి తిప్పే మీటల్లేవు, నల్లటి నున్నటి గాజుపలక మీద తాకితే చాలు. పదకొండు లైట్లు. వంకర అర ఊడి వెనక షెడ్డులోకి పోయింది. ఆ గోడ మీద వాలు చూసే రసమట్టం పెట్టి చూస్తే బుడగ సరిగ్గా నడిమధ్యన నిలిచింది. ఆ బుడగని మా ఆవిడకీ అమ్మాయికీ పిలిచి మరీ చూపించాను.

అత్త గట్టు మీద అరచెయ్యి ఆనించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. "బాగుందిరా. నున్నగా ఉంది" అంది. ఆ పొగడ్తకి మురిసిపోయానే గానీ, అంత తెల్లటి వంటింటిని తెల్లగా ఉందని ఎందుకు అనలేదో నాకు తట్టలేదు.

మొదటి వారం రెండు గ్లాసులు పగిలాయి. రెండో వారం టీలో ఉప్పు పడింది. ఏడు కావస్తున్నా డబ్బాలు కాలేదని మా ఆవిడ ఖాళీ చేతులతో బస్సెక్కింది. నాలుగో వారం అత్త, "ఓపిక తగ్గిందిరా, ఇక నావల్ల కాదు" అని హాల్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని. ఆ చేతులు ఖాళీగా ఉండగా నేను అదే మొదటిసారి చూడటం.

అలిగిందనుకున్నాను. కొత్తది అలవాటు కావాలంటే ఓర్పుండాలని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. తర్వాత నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ప్రతి సొరుగు మీదా చీటీలు అచ్చువేయించి అతికించాను. ఉప్పు, పంచదార, చెంచాలు, గిన్నెలు. మంచి అందమైన అక్షరాలు. "ఇదిగో అత్తా, ఇక వెతుక్కోనక్కర్లేదు" అన్నాను. ఆవిడ వచ్చి ఒక చీటీ మీద వేలు పెట్టి రుద్దింది. "గట్టిగా అతికించావు. ఊడదు" అని వెళ్లి కుర్చీలో కూర్చుంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం డ్రిల్లు మర్చిపోయి ఇంటికొచ్చాను. వంటింట్లో అత్త ఒక్కతే నిలబడి ఉంది, కళ్లు మూసుకుని. నేను గుమ్మంలో ఆగాను. ఆవిడ రెండడుగులు పక్కకు వేసింది. కుడి చెయ్యి పొయ్యి వెలిగించినట్టు తిప్పింది. ఎడమ చెయ్యి పైకి లేచి, ఒకప్పుడు అర ఉన్న చోట, గాలిలో, అరచెయ్యి తెరుచుకుని ఆగింది. కాసేపు అలాగే ఆగి, కిందికి దిగింది.

నేను చూసినదేమిటో అప్పుడైనా తెలియాలి కదా. లేదు. పాత వంటింటి మీద బెంగ పెట్టుకుందని జాలిపడ్డాను. జేబులోంచి సుద్దముక్క తీశాను.

"సరే అత్తా, నువ్వే గెలిచావు. నీకు నచ్చినట్టే మార్చేస్తాను. ఇదిగో, నేల మీద గీస్తున్నాను. ఇలా ఒక గోడకే గట్టు. వచ్చి నిలబడు."

వచ్చింది. రెండడుగులు వేసి నిలబడింది.

"ఎక్కడరా గీత?"

"నీ కాలి కిందే. తొక్కుతున్నావు."

ఆవిడ వంగింది. అరచేత్తో నేల తడిమింది. సుద్ద పొడి వేళ్లకు అంటితే, వేళ్లు ముఖం దగ్గరగా పెట్టుకుని చూసుకుంది.

"నాకు కనపడదురా," అంది. "మూడేళ్లయింది. నడిమధ్యన కొంచెం కనపడుతుంది. చుట్టూ పొగ."

సూదిలో దారం మా అమ్మాయి చేత ఎక్కించుకోవడం, టైమెంతని అడగడం, ఎక్కడికి వెళ్లినా గోడని ఆనుకుని నడవడం, అన్నీ నా కళ్ల ముందే జరిగాయి. ఎవరి ఇంట్లో ఎవరి మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంటుందో కూడా రాసుకునేవాణ్ణి. నన్ను పెంచిన మనిషికి నేల మీద గీత కనపడటం లేదని మూడేళ్లు తెలుసుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఏడ్చాను కూడా.

"ఎందుకు చెప్పలేదత్తా?"

"చెప్తే పొయ్యి దగ్గరికి రానిస్తావా?"

"ఎందుకు రానివ్వను? భలేదానివే!"

మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పోయిన చూపు తిరిగి రాదన్నాడు. ఉన్నది నిలబడాలంటే రోజూ మందు చుక్కలు వేయాలన్నాడు. ఇంకాస్త ముందు వచ్చి ఉంటే బాగుండేదన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లు ఆయనకి రోజూ కనిపిస్తారు కాబట్టి ఆ మాట కోపంగా అనలేదు. ఇంటికి రాగానే నేను అన్న మొదటి మాట ఏమిటో చెప్పనా?

"అత్తా, ఇక నువ్వు పొయ్యి దగ్గరికి రావద్దు."

ఆవిడ నవ్వింది. "చెప్పానా?" అని, వెళ్లి కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఆ సాయంత్రం మా ఆవిడ ల్యాబు నుంచి వచ్చి సంగతంతా వింది. సంచి బల్ల మీద పెట్టింది.

"ఏవండీ, బయటివాళ్లనైతే కుర్చీ వేయించుకుని పదమూడు ప్రశ్నలు అడుగుతారు. అత్తయ్యగారిని ఒక్కటైనా అడిగారా?"

"కాలితే? పొరపాటున చీర అంటుకుంటే?"

"మూడేళ్లుగా అంటుకుందా? పాత వంటింట్లో ఒక్క గ్లాసైనా పగిలిందా? ఆవిడకి కనపడకపోవడం మూడేళ్ల నాటిది. ఆవిడకి చేతకాకపోవడం మీరు బుడగ చూపించిన రోజు నుంచి. నాకు మాత్రం భయం లేదా? ఉంది. అందుకే అడగమంటున్నాను. ఊరికే అలా కూర్చోబెడితే ఆవిడ ఎన్నాళ్లో బతకదు," అంది.

ఆ ఆఖరి మాట నాకు గుండెల్లో దిగింది. కుర్చీ ఎత్తుకెళ్లి అత్త ఎదురుగా వేసుకున్నాను. నోటుపుస్తకం తీశాను. గొంతు సవరించుకున్నాను.

"ఈ ఇంట్లో వంట ఎవరు చేస్తారండీ?"

అత్త తల తిప్పి నా గొంతు వైపు చూసింది.

"నేను చేస్తానండీ," అంది.

"కుడి చేతివాటమా, ఎడమా?"

"ఉప్పు ఎడమతో. మిగతావన్నీ కుడితో. రాసుకోండి."

రాసుకున్నాను. పదమూడూ అడిగాను. పాత వంటింట్లో ఏది ఎక్కడుందో ఆవిడ అడుగుల్లో చెప్పింది. గుమ్మం నుంచి పొయ్యికి మూడు. పొయ్యి నుంచి సింకుకి నాలుగు. కత్తి సింకుకి జానెడు ఇవతల. అడుగులు లెక్కపెట్టడం నా సొంత విద్య అని ఊరంతా చాటుకున్నాను. మా ఇంట్లో ఆ పని మూడేళ్లుగా ఆవిడ చేస్తోంది, తన కడుపు కోసం కాదు, మా కడుపుల కోసం.

"ఇక టేపు తీస్తావా?" అంది అన్నీ అయ్యాక.

"తీస్తాను."

"ఉండు. ముందు తువ్వాలు తీసుకురా."

తువ్వాలు నా కళ్లకు కట్టి, నా చేత్తో నేను కట్టిన వంటింట్లోకి నన్ను తోసింది. "టీ పెట్టు" అంది. పిడి లేని సొరుగు ఎక్కడుందో దొరకలేదు. దొరికిందనుకుని నొక్కితే కాలి మీదకు తెరుచుకున్నది గిన్నెలది. గాజు పొయ్యి వెలిగిందో లేదో తెలియడానికి వేలు పెట్టాను. వెలిగిందని తెలిసింది. పాలు గట్టు మీద పోశాను, గిన్నె దాని పక్కన ఉంది. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి, "నాన్నా, ఇప్పటికి ఇరవై ఏడు అడుగులు," అంటోంది. మా ఆవిడ నవ్వి నవ్వి గోడకు జారబడిందని తర్వాత చెప్పారు. అత్త మాత్రం నవ్వలేదు. నా వేలు పట్టుకుని చల్లనీళ్ల కింద పెట్టింది.

"ఆ పదకొండు లైట్లూ వెలుగుతున్నాయా?" అని అడిగింది.

"వెలుగుతున్నాయత్తా."

"అయినా ఇంతేనా?"

మళ్లీ గోడకి సుత్తి పట్టుకున్నాను. ఈసారి సుద్దముక్క ముట్టుకోలేదు. అత్తని నిలబెట్టి, ఆవిడ చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ మేకు కొట్టాను. ఒకే గోడకు గట్టు. సొరుగులకు పిడులు, ఒక్కోదానికి ఒక్కో రకం: చెంచాలకు గుండ్రటిది, గిన్నెలకు పలకలుగా ఉన్నది, కత్తులకు తోలు పట్టీ. ఉప్పుకి సొరుగు లేదు, దాని చోటు వేరే ఉంది. గట్టు అంచు కింద వేళ్లు నడిచే చోట గాట్లు పెట్టాను. ఒక గాటు వస్తే పొయ్యి, రెండొస్తే సింకు. పొయ్యి పాతదే, టిక్కుమని చప్పుడు చేసే మీటలది. దాని ముందు రెండంగుళాల ఎత్తు కమ్మీ, కొంగు మంట దాకా వెళ్లకుండా. అది మా ఆవిడ షరతు. పొద్దున తను ఇంట్లో ఉన్నప్పుడే నూనె మరగబెట్టాలన్నది ఇంకో షరతు. అత్త మొదటిదానికి ఒప్పుకుంది. రెండోదానికి మూడు రోజులు బేరమాడి ఒప్పుకుంది.

చివరికి అర మిగిలింది. షెడ్డులోంచి తెచ్చి దుమ్ము దులిపి గోడకు పెట్టాను. ఇన్నేళ్ల అలవాటు, చెయ్యి దానంతట అదే రసమట్టం తీసింది. బుడగ మధ్యకొచ్చింది, మేకు దిగింది. అత్త ఉప్పు డబ్బా ఎడమ చివర పెట్టింది. డబ్బా కదల్లేదు.

"దించు," అంది.

వేలెడు దించాను. ఊహూఁ. రెండు వేళ్లు. కదిలి మధ్యలో ఆగిపోయింది. వంకరగా కొట్టడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. పదహారేళ్లప్పుడు ఒక్క దెబ్బకు వచ్చిన పని నలభై అయిదేళ్లకు నాలుగుసార్లు మేకులు పీకితే గానీ రాలేదు. అయిదోసారి డబ్బా నెమ్మదిగా జారుతూ వెళ్లి కుడి మూల టక్కుమని ఆగింది. అక్కడ అత్త అరచెయ్యి అప్పటికే తెరుచుకుని ఉంది.

మర్నాడు పొద్దున ఆరింటికి వంటింట్లో మీట టిక్కుమంది. నేను లేచి వెళ్లి, చప్పుడు చేయకుండా సింకు ముందు నిలబడ్డాను. కాలుతుందేమో, పట్టుకోవాల్సి వస్తుందేమోనని. అత్త గుమ్మం నుంచి మూడడుగులు వేసింది. ఉప్పు వేసింది. కూర కలిపింది. గట్టు కింద వేళ్లు గాట్ల మీద నడిపించుకుంటూ సింకు వైపు ఒకటి, రెండు, మూడు అడుగులు వేసి ఆగింది.

"పక్కకి జరుగురా," అంది నాకేసి చూడకుండా. "నా నాలుగో అడుగు మీద నిలబడ్డావు."